డబ్బా మోతకు దిగే పిట్టలు

మా మామ పిట్టల్ని తోలి పొట్టపోసుకున్న మనిషి. జొన్న కంకి పాలు పట్టే రోజులు మొదలైతే ఇక ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు, ఆసాముల చేలల్లో మంచె ఎక్కి కూర్చునేవాడు. చేతిలో వడిసెల, ఒళ్ళో గులకరాళ్ళు, పక్కన అడుగు ఊడిన కిరసనాయిలు డబ్బా. కర్రతో ఆ డబ్బా వాయిస్తే చేలో ఉన్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయేవి. అలాంటి మనిషి చివరి రోజుల్లో మంచాన పడి, అదే డబ్బా కొట్టి మా దొడ్లోకి పిట్టల్ని పిలిచేవాడంటే ఎవరూ నమ్మరు. నేను కళ్ళారా చూశాను. చూసి ఊరుకున్నానా అంటే అదీ లేదు. మొదట దాని మీద సణుక్కున్నాను. తర్వాత ఆ డబ్బా మోత వల్లనే మా అత్త ప్రభువు బల్లకు, అంటే గుడిలో అందరికీ పంచే రొట్టెకూ ద్రాక్షరసానికీ, దూరమయ్యే రోజు వస్తే, కన్నతండ్రితోనే మాటలు మానేశాను.

అది తెల్లదొరల కాలం. మా పల్లె మార్కాపురానికీ కొనకనమిట్లకూ మధ్య ఉండేది. అప్పట్లో మేం కర్నూలు జిల్లా కింద లెక్క, ఆ కర్నూలు ఎట్లా ఉంటుందో మాలో చూసినవాళ్ళు లేరు. వాన పడితే సొంత పంట, పడకపోతే పరాయి చేలో కూలి. పల్లెలో ఉన్నవన్నీ కిరస్తానీ ఇళ్ళు, పెద్దకులాలవాళ్ళ ఊరు కాస్త ఎడంగా ఉండేది. నన్ను మేనత్త కొడుక్కే ఇచ్చి చేశారు కాబట్టి పుట్టిల్లు వీధికి ఆ కొసన, అత్తిల్లు ఈ కొసన. అలిగి పుట్టింటికి పోదామన్నా నాలుగు అడుగులు వేసేసరికి ఇల్లు వచ్చేసేది, కోపం సగం కూడా చల్లారేది కాదు. మా నాయన ఆ పల్లెకు సంఘపెద్ద, పాస్టరు అయ్యగారు రాని వారాల్లో గుడి పనంతా ఆయనదే. మా అత్త ఆయనకు సొంత అక్క. నా పెనిమిటి మార్కాపురం దగ్గర పలకల గనిలో రాయి చీల్చే పనికి పోయేవాడు, వారానికి ఒకసారి ఇంటికి వచ్చేవాడు.

మా దొడ్డి అంటే పెద్ద తోట అనుకునేరు. ఒక మునగచెట్టు, ఒక రేగుచెట్టు, కంచె పొడవునా తంగేడు, దాని మీద పాకిన కాకరతీగ, అంట్లు తోమే చోట రెండు బచ్చలి పాదులు. అంట్ల నీళ్ళు పోయే చోట ఎప్పుడూ కాస్త తడి ఉండేది. ఎండాకాలం చుట్టుపక్కల ఎక్కడా తడి కనిపించని రోజుల్లో పిట్టలు ఆ తడికోసం వచ్చేవి. నేను వాటిని పట్టించుకునేదాన్ని కాదు. బచ్చలి ఆకు కొరికితే రాయి విసిరేదాన్ని.

మామ మంచె నిచ్చెన మీద జారి పడ్డ ఏడు అంతా మారిపోయింది. తుంటి ఎముక విరిగింది. మార్కాపురం తీసుకుపోయి కట్టు కట్టించారు, ఎముక అతుక్కున్నా కాలు మాత్రం మళ్ళీ నేల మీద నిలవలేదు. ఇంట్లో గాలి ఆడటం లేదని మునగచెట్టు కింద నులకమంచం వేయించుకున్నాడు. పొద్దున్నే అత్త ఇచ్చిన సజ్జరొట్టె తింటూ, తుంపులు నేల మీద పడేస్తూ ఉండేవాడు. ముందు పిచ్చుకలు వచ్చాయి. తర్వాత గోరువంకలు. ఆ తర్వాత బూడిదరంగు పిట్టలు కొన్ని, ఎప్పుడూ గుంపుగా తిరుగుతూ నీళ్ళ దగ్గర ఆడవాళ్ళలా గొడవపడేవి, వచ్చి రేగుచెట్టు కింద ఆకులన్నీ తిరగేసి పోయేవి. కాకులు అందరికంటే చివర వచ్చి అందరికంటే ముందు కూర్చున్నాయి.

ఆ కాకుల్లో ఒకదానికి ఒంటికాలు. రెండో కాలు మోకాటి దగ్గరే మొండి. ఎగిరేటప్పుడు తేడా తెలిసేది కాదు, నేల మీద వాలితే మాత్రం గెంతుకుంటూ రావాల్సిందే. మామకు అదంటే ప్రాణం. రొట్టెలో మొదటి తుంపు దానికే వేసేవాడు. "నా వడిసెల దెబ్బకే పోయుంటాది కాలు" అని నవ్వేవాడు. "ఇద్దరం కుంటోళ్ళమే. ఇంక నాతో దానికి పగేముంది?"

కొన్నాళ్ళకు ఆ డబ్బా అడిగి తెప్పించుకున్నాడు. మంచె మీద వాయించేటప్పుడు ఊపిరి ఆడకుండా దడదడమని కొట్టేవాడు కదా, మంచం మీద నుంచి మాత్రం మెల్లగా ఒక దెబ్బ కొట్టి ఆగేవాడు. మళ్ళీ ఒక దెబ్బ. ఆగేవాడు. కాసిని కొర్రలు చల్లేవాడు. పిట్టలకు ఆ తేడా ఎట్లా తెలిసిందో గాని, త్వరలోనే ఆ మోత వినపడితే చాలు చెట్ల మీద నుంచి జలజలా దిగేవి. నా పెనిమిటి గని నుంచి ఒక పక్క విరిగిన పలకరాయి తెచ్చి మంచం పక్కన పెట్టాడు. పిల్లలు ఎక్కాలు రాసుకోవాల్సిన రాయి మీద పిట్టలు గింజలు ఏరుకునేవి.

నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో కూలి తెచ్చే మనిషి ఒకడు తగ్గాడు, గాదెలో అడుగు కనపడుతోంది, ఈయన చూస్తే పిట్టలకు విందు పెడుతున్నాడు. ఒక రోజు ఉండబట్టలేక అనేశాను.

"ఏంది మామా ఇది? మనకే గతిలేకుంటే ఈ మేపుడేంది?"

"ఒకరి చేలో అయితే రాయి ఏయాల. అది నా పని. మన దొడ్లో కూడా రాయేనా? ఇది మన ఇల్లు కదమ్మే."

"మన ఇల్లే. గింజలు కూడా మనయ్యే."

"అందుకే ఏస్తాండా. ఆసామి గింజలు నేనెట్ల ఏస్తా?"

 ఆ మాట రేపిన ఉక్రోషంతో ఆ పూట అంట్లు గట్టిగా తోమాను. నిజం చెప్పాలంటే ఆ తర్వాత నేను కూడా చెంబుతో నీళ్ళు తెచ్చి పలకరాయి పక్కన పగిలిన మూకుడులో పోయడం మొదలుపెట్టాను. పిట్టల కోసం కాదు, మామ మంచం దిగి తానే పోయబోతే మళ్ళీ ఎక్కడ పడతాడోనని. కానీ మూకుడులో గోరువంక స్నానం చేస్తుంటే చూడటానికి నిలబడిపోయేదాన్ని. అది నీళ్ళు చిమ్మి నా చీర తడిపేది, తిడుతూనే నిలబడేదాన్ని.

వానలు వెనకబడ్డ ఆ కాలంలోనే మామ పోయాడు. జ్వరం వచ్చింది, మందులకు లొంగలేదు. పొద్దున ప్రార్థన చేసి, పాటలు పాడి, వాగు అవతల మా వాళ్ళ సమాధుల తోటలో మట్టి చేశాం. మంచాన్ని కడిగి, దాని కోళ్ళు బయటికి ఉండేట్టు గోడకు నిలబెట్టాం. అత్త ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ నీళ్ళిచ్చింది, పోయేవాళ్ళను వీధి దాకా సాగనంపింది. అందరూ పోయాక కూడా ఏడవలేదు. నాకదే భయంగా ఉండేది.

ఆ తర్వాత కొద్ది రోజులకే పొద్దున్నే డబ్బా మోత వినపడింది. ఒక దెబ్బ, ఆగి ఇంకో దెబ్బ. నేను ఉలిక్కిపడి లేచి దొడ్లోకి పోయాను. అత్త మంచం ఉండే చోట గొంతుకూర్చుని ఉంది. ముందు పలకరాయి మీద కొర్రలు. చేతిలో సజ్జరొట్టె. మొదటి తుంపు విరిచి కుంటి కాకికి వేసింది. మేం ఇంకా ఎవరం నోట్లో ముద్ద పెట్టలేదు.

ఆ రోజు మొదలు రోజూ అంతే. ఇంట్లో మనుషుల కంటే ముందు కాకికి తుంపు పడేది. ఇది చూసే కళ్ళు పల్లెలో తక్కువేం లేవు. పోయిన మనిషి కూర్చున్న చోటే, పోయిన మనిషి పెళ్ళామే, తినక ముందే కాకికి రొట్టె వేస్తోందంటే ఏమనుకుంటారు? చచ్చినవాళ్ళ పేరు మీద కాకికి పెట్టడం ఊరివాళ్ళు చేసే పని. మా తాతల నాడే అవన్నీ వదిలేసి వచ్చాం. కాకి పిండం పెట్టనందుకు, తద్దినాలు మానినందుకు ఊళ్ళో ఎన్నో మాటలు పడ్డారట మావాళ్ళు. ఇప్పుడు సంఘపెద్ద అక్కే దొంగచాటుగా మొగుడికి పిండం పెడుతోందని నీళ్ళకు పోయిన చోటల్లా గుసగుసలు. నా ముందు అంటే ఊరుకోనని నేను రాగానే నోళ్ళు మూసేవాళ్ళు.

మా నాయన ఒక సాయంత్రం వచ్చాడు. అత్త పొయ్యి ముందు రొట్టె తడుతోంది. ఆయన గడప లోపల పీట మీద కూర్చుని చాలాసేపు పంచె కొస సర్దుకున్నాడు.

"అక్కా, ఒక మాట అడగాల. నాకైతే అడగాలని లేదు."

"అడుగు తమ్ముడా."

"పొద్దున్నే కాకికి రొట్టె పెడ్తాండావంట. బావ పేరు మీదనా?"

అత్త చేయి ఆగలేదు. రొట్టెను పెనం మీద వేసి నీళ్ళతో తడిపింది. "ఉన్నావు కదా, ఒక రొట్టె తినిపో."

"అక్కా, వచ్చే ఆదివారం అయ్యగారు వస్తాండారు. బల్ల పెడ్తారు. సంఘంలో అందరూ అడుగుతాండారు, నేనేం చెప్పాల? ఒక్క మాట చెప్పు. రేపటి నుంచి మానుకుంటానను, లేకుంటే అది బావ పేరు మీద కాదను. ఏదో ఒకటి చెప్పు, నేను చూసుకుంటా."

"రెండూ చెప్పను."

"ఏంది అక్కా మొండితనం?"

అప్పుడు అత్త తలెత్తింది. "ఆయన పోయిన కాణ్ణించి నేనెట్ల ఉండానో ఒక్కరూ అడగలా. కాకికి రొట్టె ఏస్తే అడుగుతాండారు. అడిగినోళ్ళకల్లా నేనెందుకు చెప్పాల?"

నాయన ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం అప్పటికే నెత్తికెక్కింది. "సొంత అక్కను ఇట్ల నిలబెట్టి అడగను నీకు నోరెట్ల వచ్చింది నాయనా?" అన్నాను. "నీకు తెలవదులే అమ్మా, ఊరుకో" అన్నాడు. ఊరుకున్నాను. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం ఊరుకున్నాను. ఆయన రొట్టె తినకుండానే లేచి పోయాడు.

బల్ల అంటే మా అత్తకు ఏమిటో చెప్పకపోతే ఇదంతా చిన్న గొడవలా కనిపిస్తుంది. అప్పట్లో ఊళ్ళో మాకు దాహం వేస్తే దోసిలి పట్టాలి, పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు. చెంబు మా చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. గుడిలో మాత్రం అయ్యగారు గిన్నె చేతికిచ్చేవారు. ఒకే గిన్నె అందరి చేతులూ మారేది. అత్త చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వాగులో మునిగి బాప్తిస్మం తీసుకుందట. ఆ తర్వాత ఒక్క బల్ల కూడా తప్పలేదు. కాన్పుకు ముందు రోజు కూడా నడిచి పోయిందని మామ గొప్పగా చెప్పేవాడు. ఇప్పుడు అందరూ తీసుకుంటుంటే ఆమె ఒక్కతే చేతులు ముడుచుకుని కూర్చోవాలి.  అది తెలిసినా ఆమె పొద్దున్నే డబ్బా కొడుతూనే ఉంది.

మా దొడ్డి కంచె వెనక ఒక సన్నని బాట, బాట అవతల గొర్రెల కాపరుల చేను. వాళ్ళ ఇంటి ముసలమ్మ ఆ నెలలోనే పోయింది. వాళ్ళు హిందువులు. మేం వాళ్ళ గడప తొక్కేవాళ్ళం కాదు, వాళ్ళు మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టేవాళ్ళు కాదు. అయినా మామ జ్వరంతో పడి ఉన్నన్నాళ్ళూ ఆ ముసలమ్మ రోజూ కంచె దగ్గరికి వచ్చి, మా గిన్నెలోకి పైనుంచే మేకపాలు పోసి పోయేది. "ముసలాయనకు కాసి ఇయ్యి" అనేది. అడగకుండానే తెచ్చేది.

ఆమె పెద్దకర్మ శనివారం పడింది. మర్నాడే మా బల్ల. ఆ రోజు పొద్దున్నే చేని గట్టు మీద విస్తరిలో ఆమెకిష్టమైనవన్నీ పెట్టి, చుట్టాలంతా దూరంగా నిలబడ్డారు. కాకి వచ్చి ముట్టుకుంటే గాని ఎవరూ తినకూడదు. పొద్దు పైకొచ్చింది. కాకి రాలేదు. ఎండ ముదిరింది. అయినా రాలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని వాళ్ళ నమ్మకం. అందుకని ఒక్కొక్కరూ ముందుకొచ్చి గట్టిగా మాట ఇవ్వడం మొదలుపెట్టారు. "అమ్మా, నీ మనవరాలి పెళ్ళి ఈ యేడే చేస్తాం." కాకి రాలేదు. "నీ చెవిటి మేకను అమ్మం, చచ్చేదాకా సాకుతాం." రాలేదు. "నేనూ తమ్ముడూ ఇంక కొట్లాడుకోం." అదీ కుదరలేదు.

నేను కంచె ఇవతల నుంచి చూస్తూ నవ్వు ఆపుకుంటున్నాను. ఎందుకంటే ఊళ్ళో కాకులన్నీ మా మునగచెట్టు మీదే ఉన్నాయి. అత్త పెట్టింది మెక్కి, రెక్కలు సర్దుకుంటూ కునికిపాట్లు పడుతున్నాయి. మా ఇంట్లో తిండి దొరుకుతుందని తెలిశాక అవి వేరే ఇళ్ళ ముఖమే చూడటం మానేశాయి. ముసలమ్మకు కోపమూ లేదు, కోరికా లేదు. కాకులకు ఆకలి లేదు, అంతే.

కానీ ఆమె పెద్ద కొడుకు గట్టు మీద కూలబడి మొహం కప్పుకుని ఏడవటం చూశాక నవ్వు పోయింది. గడ్డం నెరిసిన మనిషి. "ఏం తప్పు చేసినానమ్మా, చెప్పు, ఏం తప్పు చేసినా" అని గాలిలోకి అడుగుతున్నాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని తల తిప్పి మా చెట్టు వైపు చూశాడు. చెట్టు నిండా కాకులు. లేచి బాట దాటి కంచె దగ్గరికి వచ్చాడు. ఏనాడూ "ఏమ్మో" అని తప్ప పిలవని మనిషి, "అక్కా" అన్నాడు.

"అక్కా, కాకులన్నీ నీ కాడే ఉండాయి. ఒక్కటంటే ఒక్కదాన్ని ఇటు పంపీ. మాయమ్మ ఆకలితో ఉంది."

అత్త బియ్యం చెరుగుతోంది. చేట పక్కన పెట్టి లేచి గోడ దగ్గర డబ్బా అందుకుంది. నేను అడ్డం పోయాను.

"అత్తా, రేపే బల్ల."

"తెలుసు."

"ఇప్పుడు నువ్వు డబ్బా ముట్టినావంటే రేపు అడిగే పనే లేదు. పిండానికి కాకుల్ని పిలిచిందని పల్లె పల్లెంతా సాక్ష్యం చెప్తాది."

"చెప్పనీ. ఆమె ఆయనకు పాలు పోసింది. ఆమె కొడుకు పొద్దున్నించి ఏడుస్తాండాడు. మీయమ్మకు కోపం లేదురా అని ఎవురో ఒకరు చెప్పొద్దా?"

నన్ను పక్కకు నెట్టి కంచె దగ్గరికి పోయి నిలబడింది. అటు వాళ్ళు, ఇటు మేము, మధ్య తంగేడు కంచె. డబ్బా మీద మెల్లగా ఒక దెబ్బ కొట్టింది. ఆగింది. ఇంకో దెబ్బ.

ముందు పిచ్చుకలు దిగి ఆమె కాళ్ళ చుట్టూ వెతికాయి. గోరువంకలు కంచె మీద వాలాయి. పొద్దుగాని పొద్దులో, చోటుగాని చోట ఈ పిలుపేమిటా అని తలలు తిప్పి చూస్తున్నాయి. కాకులు చెట్టు దిగి బాట మీదికి వచ్చాయి. అత్త చేతిలో గింజ ఒక్కటీ లేదు. కుంటి కాకి ఆమె వైపు ఒకసారి చూసి, బాట దాటి, గెంతుకుంటూ గట్టు ఎక్కింది. విస్తరి చుట్టూ తిరిగింది. అన్నం వదిలేసి బూరె ముక్క ఎత్తుకుంది.

అటు వైపు ఒక్కసారిగా కేక లేచింది. ఆడవాళ్ళు ఏడుస్తూ నవ్వారు. పెద్ద కొడుకు కంచె దగ్గర నిలబడి అత్తకు రెండు చేతులూ జోడించాడు. అత్త తల ఊపి, డబ్బా తెచ్చి గోడకు ఆనించి, మళ్ళీ చేట ముందు కూర్చుంది. నేను బాట కొసకు చూశాను. మా నాయన నిలబడి ఉన్నాడు. మర్నాటి కోసం గుడికి చాపలు మోసుకుపోతున్నాడు. మొత్తం చూశాడు. చాపలు భుజం మార్చుకుని పోయాడు.

ఆ రాత్రి నాకు కూడు సహించలేదు. అత్త మాత్రం ఉతికిన తెల్లచీర మడత విప్పి, పొద్దుటికి తీసి పెట్టుకుంది.

గుడి అంటే కసువు గడ్డి కప్పిన పొడవాటి పాక. వారమంతా అదే బడి. అయ్యగారు పెద్దవయసు మనిషి, మార్కాపురం నుంచి ఎద్దులబండిలో వచ్చేవారు. దుమ్ముకు ఎప్పుడూ దగ్గుతూ ఉండేవారు. అత్త ఎప్పుడూ కూర్చునే చోటే, ఆడవాళ్ళలో ముందు వరసలో కూర్చుంది. పక్కనున్నవాళ్ళు కొంచెం జరిగారు. నేను ఆ ఖాళీలో పోయి కూర్చున్నాను, మోకాళ్ళు గట్టిగా తగిలించి మరీ.

పాటలయ్యాయి. బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె, గిన్నె. నాయన లేచి నిలబడ్డాడు. పంచె కొస రెండుసార్లు సర్దుకున్నాడు. చివరకు, "అయ్యా, మా అక్క సంగతి ఒకటి సంఘంలో ఉంది" అని మాత్రం అన్నాడు. మిగతాది అయ్యగారికి ముందే చెప్పినట్టున్నారు. ఆయన అత్త వైపు తిరిగారు.

"అమ్మా, నువ్వు కాకికి పెడుతున్నావని చెబుతున్నారు. ఎవరి కోసం పెడుతున్నావు?"

అడిగిన తీరులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది. అందుకేనేమో అత్త లేచి నిలబడింది.

"అయ్యా, చచ్చిపోయినోళ్ళకు ఆకలి ఉండదని నాకు తెలుసు. మా ఆయనకు ఇప్పుడు ఆకలీ లేదు, కాలు నొప్పీ లేదు. అది నాకు ఒకరు చెప్పబల్లేదు."

"మరి?"

"ఆయన్ని మట్టి చేసిన మర్నాడు పొద్దున్నే పిట్టలు వచ్చినాయయ్యా. మంచం గోడకు ఎత్తి పెట్టినాం కదా, ఆ కోళ్ళ మీద కూర్చోని చూస్తాండాయి. ఆ కుంటిది మంచం ఉండే చోట దిగి అటు తిరిగింది, ఇటు తిరిగింది. మర్నాడూ వచ్చినాయి. ఆయన పోయినాడని చుట్టాలందరికీ కబురు చేసినాం. దొనకొండకు పంపినాం, కొమరోలుకు పంపినాం. వీటికి ఎట్ల చెప్పాల?" అత్త కొంగు అందుకుంది. "నాకు చెప్పను చేతగాలా అయ్యా. డబ్బా కొట్టి గింజలేసినా. అంతే."

అలా నిలబడే ఏడ్చింది. మామ పోయాక మొదటిసారి ఆమె ఏడుపు విన్నాను. పక్కకు జరిగిన ఆడవాళ్ళే లేచి పట్టుకున్నారు. నేను కూడా ఏడ్చాను, మా ఇంట్లో నా కళ్ళ ముందే జరిగింది నాకు కనపడనందుకు.

 అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, బల్ల మీది గుడ్డ మడిచి, రొట్టె విరిచి పళ్ళెం నాయన చేతికి ఇచ్చారు. మా గుడిలో రొట్టె ముందు మగవాళ్ళకు పోవడం ఆనవాయితీ. నాయన మగవాళ్ళ వరసలన్నీ దాటి తిన్నగా ఇటు వచ్చాడు. 

"అక్కా, తీసుకో" అన్నాడు.

అత్త ఒక చేత్తో కళ్ళు తుడుచుకుని ఇంకో చేత్తో తీసుకుంది. తర్వాత గిన్నె వచ్చింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని తాగి నా చేతికి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే నాయన మా దొడ్లోకి వచ్చాడు. పంచె కొసలో కాసిని సజ్జలు ముడివేసుకుని వచ్చాడు. ఎవరినీ అడగకుండా డబ్బా తీసుకుని దడదడా వాయించాడు. చెట్టు మీద ఉన్నవన్నీ ఒక్క దెబ్బకు లేచి వాగు దాకా పోయాయి.

"అది చేను కాపలా మోత నాయనా" అన్నాను. ఆయనతో మాట్లాడి అప్పటికి చాలా రోజులు. "మెల్లగా కొట్టాల. ఒకటి కొట్టి ఆగాల."

ఆయన నా వైపు చూసి నవ్వాడు. మెల్లగా ఒకటి కొట్టి ఆగాడు. అత్త వంటింటి గడప మీద కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పిట్టలు తిరిగి వచ్చేసరికి నాయన తెచ్చిన సజ్జల్లో సగం చీమలు పట్టుకుపోయాయి.

ఆ తర్వాత అత్త చాలా ఏళ్ళు బతికింది. అవతల చేని వాళ్ళు కర్మల రోజున ముందుగానే కంచె దగ్గరికి వచ్చి, "అక్కా, ఈ పూటకు కాకుల్ని పస్తుపెట్టు" అని చెప్పిపోయేవాళ్ళు. అత్త సరేననేది. ఆ రోజు పిచ్చుకలకు మాత్రం లోపల వసారాలో వేసేది. కుంటి కాకి ఒక ఎండాకాలం తర్వాత మళ్ళీ కనపడలేదు. దాని చోట రెండు కాళ్ళ కాకి ఒకటి మొదటి తుంపుకు అలవాటు పడింది.

అత్త కందులు కోసే రోజుల్లో పోయింది. మట్టి చేసి వచ్చిన మర్నాడు పొద్దున ఇల్లంతా చుట్టాలు. నేను ముఖం కడుక్కుందామని దొడ్లోకి పోయాను. మునగచెట్టు మీద, కంచె మీద, రేగుకొమ్మల్లో అన్నీ వచ్చి కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు. అన్నీ వంటింటి గడప వైపే చూస్తున్నాయి. వాటి ముందు చెంబు కింద పెట్టాను. నాకు కూడా చెప్పడం చేతకాలేదు.

గోడ దగ్గర డబ్బా అందుకున్నాను. మొదటి దెబ్బ ఏడుపులో గట్టిగా పడింది, కొన్ని లేచిపోయాయి. ఆగాను. ఊపిరి పీల్చుకుని మెల్లగా ఇంకోటి కొట్టాను. దిగాయి.